పదిహేను బిళ్లల ఆట: ఒక చిన్న యంత్రము, రెండు వరుసలు

మన కళాశాల గ్రంథాలయములో పత్రికల బల్ల ప్రక్కన ఈ సంవత్సరము ఒక చిన్న యంత్రము వచ్చి చేరినది. అరచేతిలో ఇమిడెడి నల్లని పెట్టె. పైన బూడిద రంగు తెర, క్రింద వరుసలు తీరిన మీటలు. చూచినవారు చాలమంది దానిని పాతకాలపు సెల్‌ఫోనని భ్రమపడినారు. అది గ్రాఫు కాల్‌క్యులేటరు. దానిలో మన విద్యార్థి ఒకడు స్వయముగా వ్రాసిన ఒక ఆట ఉన్నది. ఆ ఆట ఎట్లు మొదలైనది, ఎక్కడ తప్పినది, ఎవరి మాటవలన బాగుపడినది అను విషయమును విద్యార్థులకును, కళాశాల కమిటీ పెద్దలకును మనవి చేయుటకే ఈ వ్యాసము. మేము తెలుగు సాహిత్యములో ఎం.ఏ. చదివినవారము, గణితమునకు మేము అధికారులము కాము. కాని పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పద్యములలో తెనిగించిన భాష మనది గనుక, లెక్కను తెలుగులో చెప్పుటకు సంకోచింపనక్కరలేదని ధైర్యము చేసినాము.

యంత్రము వచ్చిన తీరు ముందుగా చెప్పవలెను. ఆ విద్యార్థి తండ్రి హైటెక్ సిటీ మెట్రో స్టేషను వద్ద ఆటో నడుపుకొనువారు. కొండాపురములో ఒక కుటుంబమువారు అమెరికా నుండి తిరిగి వచ్చి స్థిరపడినారు. ఇల్లు సర్దుకొనుచు, పెద్ద కుమారుని బడి చదువు ముగిసినందున ఇక అక్కరలేదని, రోజూ తమను దింపెడి ఆటో ఆయనకు ఆ కాల్‌క్యులేటరును ఇచ్చినారు. "మీ అబ్బాయి లెక్కలు చదువుతున్నాడు కదా" అని ఇచ్చిన వస్తువు అది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఐ-84 ప్లస్ అను నమూనా. 2004లో మొదట విపణికి వచ్చినది. నాలుగు సన్నని బ్యాటరీలతో నడుచును.

మనవారిలో పెక్కుమంది ఇట్టి యంత్రమును ఎన్నడును చూచియుండరు. దానికి కారణము ఉన్నది. మన ఇంటర్మీడియట్ పరీక్షల హాలులోనికి కాల్‌క్యులేటరును తీసికొనిపోనీయరు. గచ్చిబౌలి పరిసరములలోని అంతర్జాతీయ పాఠశాలలలో ఐ.బి. చదువు చదివెడి పిల్లలకు మాత్రము గ్రాఫు గీసెడి కాల్‌క్యులేటరు పుస్తకము వలెనే అవసరము. ఒకే రోడ్డుకు ఇరుప్రక్కల ఉన్న రెండు బడులలో ఒకచోట నిషిద్ధమైనది మరొకచోట నిత్యావసరమగుట విచిత్రమే! మొట్టమొదటి గ్రాఫు కాల్‌క్యులేటరును 1985లో జపానుకు చెందిన కాసియో సంస్థ తయారుచేసినది. దానిలో ప్రోగ్రాము వ్రాసికొనుటకు మిగిలిన చోటు 422 బైట్లు మాత్రమే. ఒక పోస్టుకార్డులో పట్టెడి అక్షరములకు మించదు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు 1990లో ఈ రంగమున అడుగుపెట్టినారు. మా బల్లపై ఉన్న దానిలో వ్రాసికొనువారికి దాదాపు 24 వేల బైట్ల చోటు దొరకును. తెర వెడల్పు 96 చుక్కలు, ఎత్తు 64 చుక్కలు. అక్షరములు వ్రాసినచో ఎనిమిది వరుసలు, వరుసకు పదునారు అక్షరములు. ఆ అక్షరములలో తెలుగు లేదు, ఉర్దూ లేదు.

"ప్రతివాని జేబులోను ఫోను ఉండగా ఈ పాతసామాను ఎందుకు?" అని మా సహాధ్యాపకులొకరు అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. ఫోనులోని ఆటను ఆడువాడు ఆడవలసినదే గాని, దాని లోపల ఏమున్నదో విప్పి చూడలేడు. ఈ కాల్‌క్యులేటరులో ఒక మీట నొక్కినచో ప్రోగ్రాములోని ప్రతి పంక్తియు ఎదుట నిలుచును; ఏ పంక్తినైనను దిద్దవచ్చును. నెట్టు అక్కరలేదు, రీచార్జి అక్కరలేదు. ఆ కుర్రవాని ఇంటిలో కంప్యూటరు లేదు. మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది. అదే సంవత్సరములో గచ్చిబౌలి వైపు ట్రిపుల్ ఐటీ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కూడ వెలసినవి. ఆ భవనముల నీడలోనే పెరిగిన బాలుడు ప్రోగ్రామనునది ఎట్లుండునో మొదట చూచినది ఈ ఆరంగుళముల తెరపైన కూడ కాదు, అంతకన్న చిన్న తెరపైన.

ఇక ఆట. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు గల పలకలో పదునారు గడులు. వానిలో 1 నుండి 15 వరకు అంకెలు గల బిళ్లలు, ఒక గడి ఖాళీ. ఖాళీ ప్రక్కన ఉన్న బిళ్లను దానిలోనికి జరుపవచ్చును. కలగాపులగముగా ఉన్న అంకెలను వరుసకు తేవలెను. మా బాల్యములో జాతరలలోను, నాంపల్లి నుమాయిషులోను ప్లాస్టిక్ చట్రముతో అమ్మెడివారు, పెద్దవారికి జ్ఞాపకముండును. ఇది అమెరికాలో 1880 ప్రాంతమున దేశమునంతను పిచ్చెక్కించిన ఆట. కనుగొన్నవాడు న్యూయార్కు రాష్ట్రములోని కానస్టోటా అను ఊరి పోస్టుమాస్టరు నోయెస్ చాప్మన్. తరువాతి కాలమున శామ్ లాయిడ్ అను చిక్కుప్రశ్నల కూర్పరి ఇది తన సృష్టియేనని చెప్పికొని చాలకాలము నమ్మించగలిగినాడు. అతని ప్రసక్తి మరల వచ్చును.

మన విద్యార్థి ఈ ఆటను కాల్‌క్యులేటరులో వ్రాయుటకు మూడు వారములు పట్టినది. మొదటి ప్రతి ఆడదగినదే గాని, దాని నడక ఎడ్లబండి నడక. బిళ్లను జరుపుటకు దాని అంకెను టైపు చేసి ఎంటర్ నొక్కవలెను. ఒక్క బిళ్ల కదలినను తెరనంతయు తుడిచి పదునారు గడులను మొదటినుండి వ్రాసెడిది. కనుక తెర మాటిమాటికి రెప్పలార్చినట్లు ఉండెడిది. పందెము మొదలు పెట్టుటకు ముందు బిళ్లలు కలుపుట మరీ ఆలస్యము. అతడు చేసిన ఏర్పాటు ఇది: 0 నుండి 15 వరకు గల అంకెలలో యాదృచ్ఛికముగా ఒకదానిని తీయుట, అది ఇదివరకు వచ్చినదా అని వెనుకకు వెదకుట, వచ్చియున్నచో పారవేసి మరల తీయుట. చివరి గడులకు వచ్చుసరికి తీసినవెల్ల పాతవే అగుచుండును. లెక్క వేసినచో పదునారు అంకెలు పూర్తియగుటకు సగటున 54 పర్యాయములు తీయవలసి వచ్చును. బిందెడు నీళ్లకు మూడు బిందెలు ఒలకబోసినట్లు.

దిద్దుబాటు తెరతో మొదలైనది. కదలునది ఒక బిళ్ల. మారునవి రెండు గడులు. తక్కిన పదునాలుగింటిని ముట్టనక్కరలేదు. ఆ రెండు గడులనే తిరిగి వ్రాయునట్లు మార్చగానే తెర నిలకడగా నిలిచినది. కాని మరునాడే క్రొత్త వింత. పలకలో 92 అను అంకె కనబడినది! పదిహేను బిళ్లల ఆటలో తొంబది రెండు ఎక్కడిది? 12 ఉన్న గడిలో 9 వ్రాసినపుడు, తొమ్మిది ఒక అక్షరమే గనుక పాత 2 అట్లే మిగిలిపోయినది. ఇంతకుముందు తెరనంతను తుడుచుటవలన ఈ దోషము దాగియుండెను. గడిలో ముందు రెండు ఖాళీలు వ్రాసి, ఆ పైన అంకెను వ్రాయుటతో అది పోయినది.

అంకె టైపు చేయుటకు మారుగా బాణపు మీటలు పెట్టినాడు. ఇచట ఒక వివాదము పుట్టినది. పై బాణము నొక్కినచో బిళ్ల పైకి పోవలెనా, ఖాళీ పైకి పోవలెనా? వ్రాసినవానికి ఖాళీయే ప్రధానము, ఏలననగా ప్రోగ్రాము ఖాళీ ఎక్కడున్నదో గుర్తుంచుకొనును గాని బిళ్లలను కాదు. ఆడువానికి కంటికి కనబడునది బిళ్ల. వ్రాసినవాడు కాక తక్కినవారందరు బిళ్ల పక్షమే వహించినారు. అతడు ఒప్పుకొన్నాడు, కొంత అయిష్టముగా.

తరువాతి లోపము లోతైనది. ఆట బాగుగా సాగుచుండగా, కొంతసేపటికి "మెమరీ చాలదు" అని యంత్రము ఆగిపోయెడిది. ఇచ్చినవారు పాతదానిని అంటగట్టినారని అతడు అనుకొన్నాడు. యంత్రములో దోషము లేదు. ఈ కాల్‌క్యులేటరు భాషలో ఒక షరతు లేదా ఒక ఆవృత్తి మొదలు పెట్టినపుడు, అది ముగియవలసిన చోటును గూర్చి యంత్రము తన లోపల ఒక గుర్తు వ్రాసికొనును. ముగింపునకు వచ్చినపుడు దానిని కొట్టివేయును. మన విద్యార్థి నడుమనే 'గోటూ' అను ఆజ్ఞతో బయటికి దుమికించెడివాడు. గుర్తు కొట్టివేయబడదు, మరల క్రొత్త గుర్తు. పద్దుల పుస్తకములో ఖాతా తెరచుటయే గాని మూయుట లేనట్లు, వందలాది ఎత్తులకు ఆ చిన్న చోటు నిండిపోయెడిది. దుముకుటలన్నిటిని తీసివేసి, "పందెము ముగియువరకు చేయుము" అను ఒకే ఆవృత్తిలో అంతయు ఇమిడ్చుటకు అతడు రెండు రాత్రులు కూర్చున్నాడు. సగము పంక్తులు తగ్గినవి. మాకు వ్యాకరణము పరిచయమే గనుక ఈ మార్పు విశేషముగా నచ్చినది. అసమాపక క్రియలతో అల్లిన వాక్యమునకు సమాపక క్రియ దొరకినట్లయినది.

ఇంతవరకు చేసినవి పైపై దిద్దుబాట్లే. అసలు జబ్బు ఇంకను బయటపడలేదు.

ఆట సాఫీగా నడచుట మొదలైన తరువాత ఆ కుర్రవాడు దిగులుగా కనబడసాగినాడు. ఒకనాడు సాయంకాలము వచ్చి, "సార్, నేను వ్రాసిన ఆటను నేనే గెలవలేకపోతున్నాను. సగం సార్లు చివరి వరుసలో పదిహేను, పద్నాలుగు తారుమారై ఆగిపోతుంది. రాత్రి రెండు వరకు కూర్చున్నాను. నా బుర్ర దీనికి పనికిరాదు. వచ్చే ఏడాది కంప్యూటర్ పేపరు వదిలేస్తాను" అన్నాడు. తండ్రి ఆటో అద్దెదినములను లెక్కించుకొనుచు చదివించుచున్న కుమారుడు ఈ మాట అనుట మాకు చాల బాధ కలిగించినది. తోచిన ఓదార్పు చెప్పినాము. మా ఓదార్పులో గణితము లేదు గనుక ప్రయోజనము కూడ లేకపోయినది.

కళాశాల విజ్ఞాన ప్రదర్శనము నాడు ఆ కాల్‌క్యులేటరును ఒక బల్లపై ఉంచినాము. ఉర్దూ మాధ్యమము విద్యార్థిని ఒకతె వచ్చి కూర్చున్నది. ఆ సమయమున పలకపై ఉన్నది మనవాడు అంతకుముందే విసిగి వదిలిన పందెము. ఆమె పావుగంట మాట్లాడక ఆడి, "అయిపోయింది" అని యంత్రమును ముందుకు నెట్టినది. యంత్రము మాత్రము గెలుపు ప్రకటింపలేదు. చూడగా, పై వరుసలో 4, 3, 2, 1; రెండవ వరుసలో 8, 7, 6, 5; మూడవదానిలో 12, 11, 10, 9; చివర ఎడమ మూలను ఖాళీ, తరువాత 15, 14, 13. చుట్టునున్న మగపిల్లలు నవ్వినారు. మనవాడును నవ్వినాడు. ఆమె నొచ్చుకొనక, "సార్, వరుస తప్పలేదు కదా. మేము చదివేది కుడివైపు నుంచి" అన్నది.

ఆ మాటకు వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. ఉర్దూలో వాక్యము కుడినుండి ఎడమకు నడచునన్నది మనకందరకు తెలిసినదే. అంకె లోపలి స్థానములు మాత్రము అక్కడను ఎడమనుండియే పెద్దవి. 15ను ఎవరైనను 15గానే వ్రాయుదురు. బిళ్లల వరుసను కుడినుండి పేర్చుట ఆమెకు సహజము. ఆమె పేర్చినది తప్పు అనుటకు ఆట నియమములలో ఎక్కడను ఆధారము లేదు. వ్రాసినవాడు ఎడమనుండి చదువువాడు అన్నదొక్కటే ఆధారము.

మనవానికి ఇది పట్టుదల కలిగించినది. ఆమె ముగించిన పలకను తీసికొని, దానిని ఎడమ వరుసకు మార్చుటకు నాలుగు దినములు ప్రయత్నించినాడు. మరల అదే 15, 14. అప్పుడు మా గణితశాఖ సహాధ్యాపకులను ఆశ్రయించినాము. వారు సుద్దముక్క తీసికొని ఇరువది నిమిషములలో చెప్పినదానిని మా మాటలలో ఇచట వ్రాయుచున్నాము. పాఠకులు కొంచెము ఓపిక పట్టవలెను. కాగితముపై గడులు గీసికొన్నచో మరీ మంచిది.

పలకను మామూలుగా పైనుండి క్రిందికి, ఎడమనుండి కుడికి చదువుడు, ఖాళీని విడిచిపెట్టుడు. పదిహేను అంకెలు ఒక బారుగా వచ్చును. దానిలో పెద్ద అంకె ముందు, చిన్న అంకె వెనుక ఉన్న ప్రతి జతను ఒక తారుమారు జత అందము. ఇట్టి జతలెన్ని ఉన్నవో లెక్కింపుడు. ఆ సంఖ్యకు ఖాళీ గడి పైనుండి ఎన్నవ వరుసలో ఉన్నదో ఆ సంఖ్యను కలుపుడు. వచ్చిన మొత్తము సరియా, బేసియా అన్నదే మనకు కావలసినది.

బిళ్లను ప్రక్కకు జరిపినపుడు బారులో ఏ మార్పును లేదు, ఖాళీ ఉన్న వరుసయు మారదు. కనుక మొత్తము మారదు. బిళ్లను పైకి గాని క్రిందికి గాని జరిపినపుడు, చదివెడి బారులో అది సరిగా మూడు బిళ్లలను దాటును. దాటిన ప్రతి బిళ్లతోను దాని సంబంధము తలక్రిందులగును: సక్రమమైన జత తారుమారగును, తారుమారైనది సక్రమమగును. మూడు జతలు మారినవి గనుక తారుమారు జతల సంఖ్య బేసి మొత్తముగా పెరుగును లేదా తగ్గును. ఖాళీ వరుస కూడ ఒకటి పెరుగును లేదా తగ్గును, అదియు బేసి. బేసికి బేసి చేరినచో సరి. అనగా, ఎన్ని వేల ఎత్తులు వేసినను మొదట సరిగా ఉన్న మొత్తము సరిగానే ఉండును. బేసిగా ఉన్నది బేసిగానే ఉండును.

ఎడమ వరుసలో పూర్తియైన పలకను చూడుడు. తారుమారు జతలు సున్న. ఖాళీ నాలుగవ వరుసలో. మొత్తము 4, సరి. కనుక మొదట మొత్తము బేసిగా వచ్చిన పందెమును ఎడమ వరుసకు తెచ్చుట బ్రహ్మతరము కూడ కాదు. చివరి వరుసలో 13, 15, 14 వచ్చి ఆగిన పలకలో తారుమారు జత ఒకటి, ఖాళీ వరుస నాలుగు, మొత్తము 5. మన విద్యార్థి రాత్రి రెండు గంటల వరకు కూర్చుని తలుపు లేని గోడను తట్టినాడు. యాదృచ్ఛికముగా కలిపిన పందెములలో సరిగా సగము ఇట్టివే. పదునారు గడులను నింపు విధములు మొత్తము 20 లక్షల 92 వేల కోట్లకు పైగా ఉన్నవి; వానిలో సగము ఒక ప్రక్క, సగము మరొక ప్రక్క. ఒక ప్రక్కనుండి మరొక ప్రక్కకు దారి లేదు. అసాధ్యమైన సగమును జాన్సను, స్టోరీ అను ఇరువురు 1879లోనే అమెరికా గణిత పత్రికలో నిరూపించినారు. ఒకే ప్రక్కనున్నవానిలో ఎక్కడినుండి ఎక్కడికైనను పోవచ్చునని స్టోరీ అందులోనే చూపినాడు. ఎంత క్లిష్టమైన పందెమైనను, సాధ్యమైన ప్రక్కనున్నచో, 80 ఎత్తులలో ముగింపవచ్చునని 1999లో కంప్యూటరు సహాయముతో తేల్చినారు.

ఇప్పుడు ఆ విద్యార్థిని పలక. 4, 3, 2, 1 లో ప్రతి జతయు తారుమారే, ఆరు జతలు. రెండవ వరుసలో ఆరు, మూడవదానిలో ఆరు. చివరి వరుసలో 15, 14, 13 మూడు జతలు. వెరసి 21. ఖాళీ నాలుగవ వరుసలోనే ఉన్నది. 21కి 4 కలిసిన 25. బేసి!

మా సహాధ్యాపకులు సుద్దముక్క క్రింద పెట్టి ఒక క్షణము ఊరకున్నారు. ఎడమ వరుస సరి ప్రక్కన ఉన్నది. కుడి వరుస బేసి ప్రక్కన ఉన్నది. ఏ పందెమైనను ఈ రెండింటిలో ఒక ప్రక్క ఉండితీరవలెను. కనుక ఎట్లు కలిపినను, ప్రతి పందెమును ఎడమ వరుసలో గాని కుడి వరుసలో గాని పూర్తిచేయవచ్చును. రెండింటిలోను చేయుట మాత్రము పొసగదు. మనవాడు అసాధ్యమని వదిలిన ప్రతి పందెమును ఆ అమ్మాయి చదివెడి వైపునుండి సాధ్యమే. అతని బుర్రలో లోపము లేదు. గెలుపును గుర్తించెడి పంక్తిలో లోపమున్నది.

శామ్ లాయిడ్ ప్రసక్తి వచ్చునని చెప్పియుంటిమి. అతడు 14, 15 మాత్రము తారుమారు చేసిన పలకను చూపి, దీనిని సరిచేసినవారికి వేయి డాలర్లు బహుమతి అని ప్రకటించినాడు. అది అసాధ్యమని అతనికి తెలియును గనుక డబ్బు భద్రమే. అదే పలకను ఉర్దూ వరుసకు తెమ్మని ప్రకటించియుండినచో అతని వేయి డాలర్లు మొదటి వారములోనే ఖర్చయ్యెడివి.

ఇక ప్రోగ్రామును మార్చుట. సాధ్యము కాని పందెమును తప్పించుటకు లోకములో రెండు ఉపాయములు వాడుకలో ఉన్నవి. పూర్తియైన పలకనుండి మొదలుపెట్టి యంత్రమే గ్రుడ్డిగా కొన్ని వందల ఎత్తులు వేయుట ఒకటి. దీనిలో తప్పు రాదు గాని, ముందుకు వేసిన ఎత్తు వెనుకకు పోవుచుండుటచేత బిళ్లలు తమ ఇండ్ల దగ్గరనే తచ్చాడుచుండును, పందెము తేలికయగును. రెండవది, కలిపిన తరువాత లెక్క చూచి, బేసి వచ్చినచో ఏవో రెండు బిళ్లలను చడీచప్పుడు లేక మార్చివేయుట. మన విద్యార్థి మొదట దీనికే మొగ్గినాడు. మేము వలదంటిమి. ఆమె గెలిచిన పందెములను ఆటలోనుండి మాయము చేయుట న్యాయముగా తోచలేదు. కాబట్టి మూడవ మార్గము: పందెమును ముట్టనక్కరలేదు, గమ్యమునే దానికి తగినట్లు చెప్పుట. మొత్తము సరియైనచో తెర ప్రక్కన కుడికి చూపెడి గుర్తు, బేసియైనచో ఎడమకు చూపెడి గుర్తు. ఆడువారు మొదట ఆ గుర్తును చూచికొని ఆ వైపుకు పేర్చవలెను. తెలుగు అంకెలను, ఉర్దూ అంకెలను చుక్కలతో గీయించవలెనని మాకు కోరిక కలిగినది. ప్రయత్నించినాము, ఒక్కొక్క చుక్కను పెట్టుటకు యంత్రము పడెడి శ్రమ చూచి జాలితో విరమించినాము.

కలుపుట కూడ ఈ అదనున బాగుపడినది. అంకెలను తీసి పారవేయుట మాని, వరుసగా ఉన్న పదునారింటిని చివరినుండి మొదలుపెట్టి మార్చుట. పదునారవ గడిలోనిదానిని మొదటి పదునారింటిలో ఏదో ఒకదానితో, పదునైదవదానిని మొదటి పదునైదింటిలో ఒకదానితో, ఇట్లు తగ్గించుచు పోవలెను. పదునైదు అడుగులలో పని ముగియును. ఏబది నాలుగు తీతలు అక్కరలేదు. ఈ పద్ధతికి మూలము ఫిషర్, యేట్స్ అను గణాంకశాస్త్రజ్ఞులు 1938లో ప్రకటించినది. ప్రతి అడుగునను పదునారింటిలో దేనితోనైనను మార్చినచో ఏమని మనవాడు అడిగినాడు. చూచుటకు అదియు ఒకటే అనిపించును గాని, కొన్ని పందెములు ఎక్కువగాను కొన్ని తక్కువగాను వచ్చుచుండునట.

మరొక లాభము తరువాత తెలిసినది. తారుమారు జతలను లెక్కించుటకు యంత్రము 105 జతలను సరిచూడవలెను. కలుపుచున్నపుడే నిజముగా ఎన్ని మార్పిళ్లు జరిగినవో లెక్క ఉంచుకొని, దానికి ఖాళీ తన మూలనుండి ఎన్ని గడుల దూరము పోయినదో కలిపినచో, అదే సరి బేసి జవాబు వచ్చును. ఒక గడిని దానితోనే మార్చుట వచ్చినచో దానిని లెక్కింపరాదు. ఈ చిన్న విషయము మరచి, గుర్తు తప్పుగా చూపెడి ప్రతిని రెండు దినములు గ్రంథాలయములో ఉంచి ఆడువారిని ఏడిపించినాము. ఈ తప్పును పట్టినది కూడ ఆ విద్యార్థినియే. ఇప్పుడు క్రొత్త ప్రతి వ్రాసినపుడెల్ల మొదట ఆమెకే ఇచ్చుచున్నాడు. మాదాపూరు కంపెనీలలో ఇట్లు తప్పులు పట్టుటకే జీతమిచ్చి మనుష్యులను పెట్టుకొందురని తండ్రి ఆటోలో విని వచ్చి చెప్పినారట. కంప్యూటరు పేపరు వదలివేయు మాట మరల రాలేదు. కమిటీవారు బ్యాటరీల ఖర్చు మంజూరు చేసినందులకు కృతజ్ఞులము. ఆ నాలుగు బ్యాటరీలు అప్పుడే ఒకమారు మార్చవలసి వచ్చినదని కూడ ఇచటనే విన్నవించుకొనుచున్నాము.

ప్రస్తుతము ఇరువురును కలిసి పలకను అయిదు వరుసలకు పెంచుచున్నారు. ఇరువదినాలుగు బిళ్లలు, గడికి మూడు అక్షరముల చొప్పున పదునైదు అక్షరములు, తెరలో పట్టును. కాని మన రెండు వరుసల ఏర్పాటు ఇచట చెడినది. అయిదు నిలువులున్నపుడు బిళ్ల దిగునపుడు దాటునవి నాలుగు, సరి సంఖ్య. కనుక ఖాళీ వరుసను కలుపనక్కరలేదు, తారుమారు జతలే చాలును. కుడి వరుసలో పేర్చిన పలకలో మొదటి నాలుగు వరుసలకు పదేసి జతలు, చివరిదానికి ఆరు. వెరసి 46, సరి. ఎడమ వరుసలో సున్న, అదియు సరి. రెండును ఒకే ప్రక్క! పందెము సరియైనచో ఎవరి వైపునుండియైనను ముగియును. బేసియైనచో ఎవరికిని ముగియదు. అట్టి పందెమునకు ఏ గమ్యము చూపవలెనని మనవాడు అడిగినాడు. పైనుండి క్రిందికి నిలువుగా పేర్చిన వరుసను చూచితివా అని ఆమె అడిగినది. లెక్క వేసి చూచినారు. అదియు సరి కాదు, 10 మార్పిళ్లు, ఖాళీ కదలలేదు అని ఒకరు, కాదు సరియే అని మరొకరు వాదించుకొని, చివరకు అదియు సరి ప్రక్కనే అని తేల్చినారు. బేసి పందెమునకు ఇంకను గమ్యము దొరకలేదు, వెదకుచున్నారు.